తెలుగు రాతకు వర్డ్ ఫైలు చాలదు

రచయితలు, సంపాదకులు, డీటీపీ చేసేవాళ్ళు కలిసిన చోట మార్క్‌డౌన్ ప్రస్తావన తెస్తే వచ్చే జవాబు దాదాపు ఒకటే. "అది సాఫ్ట్‌వేర్ వాళ్ళ వ్యవహారం. మనకు వర్డ్ ఉంది. బోల్డ్ కావాలంటే బోల్డ్ నొక్కుతాం, శీర్షిక కావాలంటే సైజు పెంచుతాం. తెర మీద కనిపించింది కనిపించినట్టే అచ్చులోకి వస్తుంది. ఆ నక్షత్రాలూ హ్యాష్‌లూ నేర్చుకుని సాధించేదేముంది? పైగా దాంట్లో పద్యం నిలవదు, పట్టిక కుదరదు, ఒక్కొక్క చోట ఒక్కో రకంగా ఉంటుంది. ఏ పత్రికా దాన్ని అడగదు కూడా."

ఈ మాట అంటున్నది ఊసుపోక మాట్లాడేవాళ్ళు కాదు. ఏళ్ళ తరబడి పుస్తకాలు తెచ్చినవాళ్ళు, రాత్రుళ్ళు కూర్చుని ప్రూఫులు దిద్దినవాళ్ళు. పని నడుస్తోంది కదా అన్నది వాళ్ళ అసలు బలం. నడుస్తున్న పద్ధతిని మార్చమనేవాడే ఎందుకు మార్చాలో చెప్పాలి. చెబుతాను. రచన అసలు ప్రతి మామూలు యూనికోడ్ అక్షరాల్లో, పైకి కనిపించే నాలుగైదు గుర్తులతో ఉండాలి. వర్డ్ ఫైలు, పీడీఎఫ్, ఇన్‌డిజైన్ పేజీ అన్నీ ఆ ప్రతి నుంచి తీసుకునే నకళ్ళు కావాలి. ఇప్పుడు మనం నకలును దాచుకుని అసలును పోగొట్టుకుంటున్నాం.

మాట్లాడుతున్న వస్తువేమిటో ముందు చూద్దాం. వరస మొదట # పెట్టి ఒక ఖాళీ వదిలితే అది శీర్షిక. రెండు పెడితే ఉపశీర్షిక. మాటకు అటూ ఇటూ ఒక్కో నక్షత్రం ఉంటే దాన్ని ఒత్తి చెప్పినట్టు, రెండేసి ఉంటే మరింత గట్టిగా చెప్పినట్టు. వరస మొదట హైఫన్ ఉంటే జాబితా, > ఉంటే ఇతరుల మాట. పేరాకూ పేరాకూ మధ్య ఒక ఖాళీ వరస. రోజువారీ రాతకు ఇంతకు మించి అక్కర్లేదు, నోట్‌ప్యాడ్‌లో రాసుకోవచ్చు. జాన్ గ్రూబర్ 2004లో ఆరన్ స్వార్ట్జ్ తోడ్పాటుతో దీన్ని బయటపెట్టాడు. అయితే శూన్యంలోంచి పుట్టించలేదు. ఈమెయిళ్ళలో జనం అప్పటికే నక్షత్రాలతో మాటను ఒత్తి చెబుతున్నారు, అడ్డగీతలతో జాబితాలు రాస్తున్నారు. 1990ల తొలినాళ్ళ సెటెక్స్ట్, 2002లో వచ్చిన టెక్స్‌టైల్, ఆస్కీడాక్ ఇవన్నీ అదే దారిలోవి. ఆ అలవాటునే గ్రూబర్ నియమంగా మార్చాడు.

1. "కనిపించింది కనిపించినట్టే వస్తుంది"

వస్తుంది, మీ కంప్యూటర్లో. మీ ఫాంటు సంపాదకుడి దగ్గర లేకపోతే ఆయన తెర మీద మరో ఫాంటు వచ్చి కూర్చుంటుంది, పేజీలు జరిగిపోతాయి. ఇది అందరికీ అనుభవమే కాబట్టి దీని మీద ఎక్కువ చెప్పను. అసలు నష్టం ఇంతకన్నా లోతున ఉంది.

ఒక కథల సంపుటి వర్డ్ ఫైలు తెరవండి. కథ పేరును రచయిత ఎలా పెట్టాడు? అక్షరం సైజు 18కి పెంచి, బోల్డ్ చేసి, మధ్యకు జరిపాడు. కొత్త కథ కొత్త పేజీలో మొదలవడానికి ఎంటర్ మీట పదిహేనుసార్లు నొక్కాడు. పేరా మొదటి వరస లోపలికి జరగడానికి స్పేస్ బార్ కొట్టాడు. చూసే కంటికి అది శీర్షిక. కంప్యూటర్‌కు మాత్రం అది లావుగా ఉన్న మామూలు వాక్యం. అందుకే విషయసూచిక దానంతట అది తయారు కాదు. ఈబుక్ చేస్తే అధ్యాయాలు విడిపోవు. చూపు లేని పాఠకులు స్క్రీన్ రీడర్‌తో ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకుతూ పుస్తకాన్ని చదువుతారు. వాళ్ళకు ఈ పుస్తకంలో దూకడానికి ఒక్క మెట్టూ ఉండదు, మూడువందల పేజీలను ఒకే ధారగా వినాల్సిందే. రచయిత శీర్షిక పెట్టాననే అనుకుంటాడు. పెట్టలేదు.

"వర్డ్‌లో స్టైల్స్ ఉన్నాయి, హెడింగ్ 1 అని ఎంచుకోవాలి" అంటారు. నిజమే, ఎంచుకుంటే బంగారం. కానీ స్టైల్‌తో పెట్టిన శీర్షికా, సైజు పెంచి పెట్టిన శీర్షికా తెర మీద ఒక్కలాగే కనిపిస్తాయి. సరైన పనికీ తప్పు పనికీ తేడా కంటికి ఆనని చోట జనం తేలికైన దారే పడతారు. సాదా పాఠంలో ఆ అవకాశం లేదు. # ఉంటే అది శీర్షిక, లేకపోతే కాదు. రాసినవాడికీ దిద్దినవాడికీ యంత్రానికీ ఒకే సంగతి కనిపిస్తుంది.

ఇక ఫైలు లోపలికి వెళ్దాం. డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ కట్ట. నకలు ఒకటి తీసుకుని, పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడండి. లోపల ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్ళు బోలెడు. మీ వాక్యం వాటిలో ఒకదాంట్లో ముక్కలు ముక్కలుగా ఉంటుంది. తెలుగును వర్డ్ సంక్లిష్ట లిపుల్లో వేసింది. కాబట్టి బోల్డ్ అని చెప్పడానికి ఇంగ్లీషుకు ఒక గుర్తు, తెలుగుకు వేరే గుర్తు. సైజుకు అంతే, ఫాంటుకు అంతే. వాక్యం నడుమ "హైకోర్టు" తీసేసి అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే అక్కడ ఫాంటూ సైజూ గంతు వేయడానికి కారణం ఈ రెండు పెట్టెల ఏర్పాటే. ఒక్క మాటను లావు చేయడానికి పదుల కొద్దీ గుర్తులు లోపల పేరుకుంటాయి, వాటిని రచయిత ఎన్నడూ చూడడు. మార్క్‌డౌన్‌లో అదే పనికి నాలుగు నక్షత్రాలు, అవీ కళ్ళెదుటే.

ఇటాలిక్ సంగతి తెలుగువాళ్ళు ప్రత్యేకంగా ఆలోచించాలి. ఇటాలిక్ రోమన్ లిపి సంప్రదాయం, మన లిపికి అది లేదు. ఎక్కువ తెలుగు ఫాంట్లలో వాలు అక్షరాలు గీసినవి ఉండవు, బొత్తాం నొక్కితే సాఫ్ట్‌వేర్ నిలువు అక్షరాన్నే బలవంతంగా పక్కకు వంచుతుంది. తలకట్లూ కొమ్ములూ వికారంగా ఒరిగిపోతాయి. కనిపించిందే రాతలో నిలవాలన్న పద్ధతి ఈ వికారాన్ని అసలు ప్రతిలోనే శాశ్వతం చేస్తుంది. నక్షత్రం అలా చేయదు. "ఈ మాట ఒత్తి చెబుతున్నాను" అని మాత్రమే అంటుంది. అచ్చులో దాన్ని లావు అక్షరం చేస్తారో, తెర మీద రంగు మారుస్తారో పేజీ కూర్చేవాళ్ళ ఇష్టం. చేతిరాత రోజుల్లో రచయిత మాట కింద గీత గీసేవాడు, ఏ టైపు వాడాలో ప్రెస్సులో తేల్చేవారు. ఎవరి పని వాళ్ళు చేసే ఆ ఏర్పాటును వర్డ్ చెరిపేసింది.

2. "అది ప్రోగ్రామర్ల గొడవ"

ఇది వాస్తవానికి పూర్తిగా విరుద్ధం. మీ ఫోనులో వాట్సాప్ తెరిచి ఊరి గ్రూపులో గృహప్రవేశం పిలుపు ఒకటి చూడండి. తేదీ, ముహూర్తం లావుగా ఉంటాయి. అవి లావుగా రావడానికి ఎవరో మాటకు ముందూ వెనకా నక్షత్రం కొట్టారు. వాట్సాప్ 2016 నుంచి ఈ గుర్తులను ఒప్పుకుంటోంది. అక్కడ లావుకు ఒక నక్షత్రం, మార్క్‌డౌన్‌లో రెండు. తేడా అంతే. నక్షత్రం కొట్టిన ఆ మనిషి ప్రోగ్రామర్ కాదు, అది నేర్చుకోవడానికి తరగతికీ వెళ్ళలేదు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని వ్యాసాలన్నిటి అడుగునా ఉన్నది ఇలాంటి గుర్తుల భాషే: శీర్షికకు అటూ ఇటూ సమాన చిహ్నాలు, లావు అక్షరానికి మూడేసి అపాస్ట్రఫీలు, లంకెకు రెండేసి చదరపు బ్రాకెట్లు. గుర్తులు కనపడకుండా దిద్దుకునే విజువల్ ఎడిటర్ చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. అప్పటిదాకా అక్కడ రాసిన ఉపాధ్యాయులు, ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు ఆ గుర్తులతోనే రాశారు. వికీ గుర్తులు మార్క్‌డౌన్‌ కన్నా చిక్కైనవి కూడా. వీళ్ళందరికీ చేతనైంది కథలూ వ్యాసాలూ రాసేవాళ్ళకు చేతకాదనడం రచయితలను చిన్నబుచ్చడం. ఇంకో సంగతి. మార్క్‌డౌన్‌ను వర్డ్‌లోకీ ఈబుక్‌లోకీ వెబ్ పేజీలోకీ మార్చే పాన్‌డాక్ అనే ఉచిత సాధనాన్ని 2006 నుంచి నడుపుతున్న జాన్ మెక్‌ఫార్లేన్ బర్క్‌లీలో తత్త్వశాస్త్రం ఆచార్యుడు. ఆయన వృత్తి వ్యాసాలు రాయడం.

ఈ అభ్యంతరంలో ఒక్క ముక్క మాత్రం నిజం. దాన్ని ఎదుటివాళ్ళు సాధారణంగా చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద తెలుగు కొట్టేవాళ్ళకు 3 మీద షిఫ్ట్ నొక్కితే # రాదు, రావత్తు వస్తుంది. 8 మీద నొక్కితే నక్షత్రానికి బదులు "శ్ర" వస్తుంది. గుర్తు కోసం ప్రతిసారీ ఇంగ్లీషుకు మారి రావాలి. ఇది నిజమైన ఇబ్బంది. కానీ మార్క్‌డౌన్‌లో శీర్షికకు రెండో దారి ఉంది: పేరు రాసి, కింది వరసలో మూడు హైఫన్లు కొడితే అది ఉపశీర్షిక అవుతుంది. జాబితాకూ హైఫనే చాలు. హైఫన్ ఇన్‌స్క్రిప్ట్‌లోనూ దాని చోటనే ఉంది. మిగిలిన నక్షత్రాల కోసం రెండు మీటలు ఎక్కువ నొక్కాలి. ఒక వ్యాసంలో ఒత్తి చెప్పే మాటలు ఎన్ని ఉంటాయి? పేరాకు నాలుగు ఉంటే చిక్కు కీబోర్డుది కాదు.

3. "ఆ గుర్తులు చూస్తేనే ఏఐ రాసిందని తెలిసిపోతుంది"

ఈ మధ్య పుట్టిన మాట ఇది. చాట్‌జీపీటీ వంటివి జవాబులను మార్క్‌డౌన్‌లో ఇస్తాయి. వాటిని యథాతథంగా ఫేస్‌బుక్‌లోనో వర్డ్‌లోనో అతికిస్తే జంట నక్షత్రాలు అలాగే మిగిలిపోతాయి. దాంతో నక్షత్రం కనిపించిన ప్రతి రాతా అనుమానానికి గురవుతోంది. ఈ యంత్రాలకు ఆ గుర్తులు ఎక్కడివి? మనుషులు ఇరవయ్యేళ్ళు రాసిన పాఠం నుంచి వచ్చాయి. యంత్రం వాడింది కాబట్టి మనిషి వదులుకోవాలంటే కామాలూ పేరాలూ కూడా వదులుకోవాలి.

4. "పద్యానికీ పట్టికకూ పనికిరాదు"

ఇక్కడ ఎదుటివాళ్ళకు బలమైన ఆధారాలున్నాయి. కంద పద్యం నాలుగు పాదాలూ నాలుగు వరసల్లో కొట్టి మార్క్‌డౌన్‌కు ఇస్తే, బయటికి వచ్చేసరికి నాలుగూ కలిసి ఒక వచన వాక్యం అవుతాయి. పాదం విరగాలంటే వరస చివర రెండు ఖాళీలు వదలాలి. ఆ ఖాళీలు కంటికి కనబడవు, కొన్ని ఎడిటర్లు ఫైలు సేవ్ చేసేటప్పుడు వాటిని తుడిచేస్తాయి కూడా. పద్యం మీద బతికిన భాషకు ఇది మంచి ఏర్పాటు కాదు, గ్రూబర్ ఇక్కడ పొరబడ్డాడు. తర్వాతి వాళ్ళు దిద్దారు. వాళ్ళు తెచ్చిన కామన్‌మార్క్ అనే నిర్దేశంలో పాదం చివర \ పెడితే చాలు. పాన్‌డాక్‌లో ప్రతి పాదం ముందు | పెడితే వరసలే కాదు, పాదం మొదట్లో వదిలిన జాగా కూడా చెక్కుచెదరదు. ఇవి రెండూ కళ్ళకు కనిపించే గుర్తులు.

తెలుగు వ్యాకరణంతో వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. మనం విభక్తిని మాటకు అతికిస్తాం. **తొలకరి**లో అని రాస్తే ఏ ఇబ్బందీ లేదు, "తొలకరి" లావుగా, "లో" మామూలుగా వస్తాయి. అదే పేరును కోట్స్‌తో సహా నక్షత్రాల నడుమ పెట్టి, వెంటనే "లో" చేర్చి **"తొలకరి"**లో అని రాస్తే నక్షత్రాలు నక్షత్రాలుగానే పేజీ మీద మిగిలిపోతాయి. ముగింపు నక్షత్రాలకు ముందు విరామచిహ్నం, వెనక అక్షరం ఉంటే కామన్‌మార్క్ వాటిని ముగింపుగా లెక్కపెట్టదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండే ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకున్న నియమమిది. చైనీయులు, జపనీయులు కూడా దీని మీద ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. కోట్స్‌ను నక్షత్రాల బయట పెడితే సరిపోతుంది. నక్షత్రానికి బదులు కింది గీత వాడితే మాత్రం అతికిన విభక్తి దగ్గర ఎప్పుడూ పనిచేయదు. కాబట్టి తెలుగుకు నక్షత్రమే. అలాగే పేరా మొదట "1953." అని చుక్క పెట్టి మొదలుపెడితే అది 1953వ నంబరు జాబితా అయిపోతుంది. ౧, ౨ అని తెలుగు అంకెలు వేస్తే అసలు జాబితాగానే గుర్తించదు.

ఇవన్నీ లోపాలే, దాచాల్సిన పనిలేదు. వీటి స్వభావం చూడండి: ప్రతిదాని ఫలితమూ పైకి కనిపిస్తుంది, ప్రతిదాన్నీ కొన్ని గుర్తులు మార్చి సరిచేయొచ్చు, సరిచేయడం కుదరని చోట కూడా పాఠం చెడిపోదు. పెద్ద పట్టికల మాట వేరు. గళ్ళు కలిసిపోయే బడ్జెట్ పట్టికను మార్క్‌డౌన్‌లో రాయమని నేను చెప్పను. దానికి స్ప్రెడ్‌షీట్ ఉంది. కానీ కథకూ వ్యాసానికీ నవలకూ ఆత్మకథకూ పరిశోధన గ్రంథంలో ముప్పాతిక భాగానికీ అలాంటి పట్టికలు అక్కర్లేదు. అరుదైన అవసరాన్ని చూపి రోజువారీ పద్ధతిని తోసిపుచ్చడం తర్కం కాదు.

5. "ఒక్కొక్కరిదీ ఒక్కో మార్క్‌డౌన్"

గ్రూబర్ రాసిన వివరణలో సందుగొందులు మిగిలాయి, ఒక్కో సాధనం వాటిని ఒక్కోలా పూడ్చింది. దాన్ని సర్దడానికి 2014లో మెక్‌ఫార్లేన్, జెఫ్ అట్‌వుడ్ మరికొందరు కలిసి కామన్‌మార్క్ తెచ్చారు. 600కు పైగా ఉదాహరణలతో ప్రతి నియమాన్నీ తేల్చిన నిర్దేశం అది. ఈనాడు తేడాలు ఫుట్‌నోట్లు, పట్టికలు వంటి అంచుల్లోనే. శీర్షిక, పేరా, ఒత్తి చెప్పడం, జాబితా, లంకె ఎక్కడైనా ఒక్కటే.

అసలు ఈ అభ్యంతరం చెప్పేవాళ్ళు రెండో పక్కను తూచరు. మార్క్‌డౌన్ చదివే సాఫ్ట్‌వేర్ అంతా రేపు మాయమైనా # వెనక ఉన్నది కథ పేరని పదేళ్ళ పిల్లవాడు చెబుతాడు. వర్డ్, పేజ్‌మేకర్ ఫైళ్ళకు ఆ భరోసా ఎవరిస్తారు?

6. "పత్రికలూ ప్రచురణకర్తలూ అడగరు"

ఇదే నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట. అడగకపోవడం వల్ల ఏం జరిగిందో తెలుగు ప్రచురణకు బాగా తెలుసు.

తెలుగు పుస్తకాలు, పత్రికలు దశాబ్దాల పాటు పేజ్‌మేకర్‌లో, అను వంటి ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు తెలుగు సంకేతాల దగ్గర ఉండవు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక బొమ్మ, కొమ్ము ఒక బొమ్మ, వత్తు ఒక బొమ్మ. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంటు తీసేసిన క్షణం డాలరు గుర్తులు, కామాలు, తలపై చుక్కలున్న యూరప్ అక్షరాలు కలగలిసిన గందరగోళం. అందులో "గోదావరి" అని వెతికితే దొరకదు, ఎందుకంటే ఆ ఫైలులో ఆ మాట లేదు, ఆ మాట బొమ్మ మాత్రమే ఉంది. అలా తయారైన రచనలు పేజ్‌మేకర్ ఫైళ్ళలో బందీగా ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఇప్పటి ఇన్‌డిజైన్ ఆ ఫైళ్ళను నేరుగా తెరవదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటిని తయారుచేసిన వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. అయినా మార్చిన పాఠంలో వత్తులు తారుమారవుతాయి, మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాటలు పిచ్చి తెలుగుగా మారతాయి, మొత్తం మళ్ళీ ప్రూఫ్ చదవాలి. అందుకే 1990ల నాటి ఎన్నో పుస్తకాలకు రెండో ముద్రణ కావాలంటే అచ్చు ప్రతిని ముందు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి మళ్ళీ టైపు చేయిస్తున్నారు. ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కిన పుస్తకానికి ఈ గతి పట్టకూడదు.

ఇప్పుడు అదే కాలపు ఇంకో తెలుగు చూడండి. 1990ల్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు యూజ్‌నెట్ చర్చాబృందంలో తెలుగును మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక కట్టుబాటు ప్రకారం రాసేవారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది కాబట్టి దాని పేరు రైస్ లిప్యంతరీకరణ పద్ధతి, ఆర్‌టీఎస్. అందులో ఏ అక్షరానికి ఏ మీటో స్పష్టమైన నియమం. ఫాంటు లేదు, బొమ్మ లేదు, ఏ కంపెనీ లైసెన్సూ లేదు. ఆ పద్ధతిలో రాసిన రచనను ఇవాళ ఒక చిన్న ప్రోగ్రాముతో యూనికోడ్ తెలుగులోకి మార్చుకోవచ్చు. ఆ రోజుల్లో పేజ్‌మేకర్ పేజీ అందంగా ఉండేది, ఆర్‌టీఎస్ పాఠం చూడ్డానికి బోసిగా ఉండేది. అందంగా ఉన్నది తెరుచుకోవడం లేదు. బోసిగా ఉన్నది చదువుకోగలుగుతున్నాం.

యూనికోడ్ వచ్చాక ఆ ప్రమాదం తీరిందని చాలామంది నమ్ముతున్నారు. సగమే తీరింది. అక్షరం భద్రమైంది, నిర్మాణం కాలేదు. ఏది శీర్షిక, ఏది ఉటంకింపు, ఏది పాదసూచిక అన్న సమాచారం ఇంకా ఏదో ఒక సాఫ్ట్‌వేర్ లోపలి గుర్తుల్లోనే ఉంటోంది. ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు కాపీ చేసిన ప్రతిసారీ అందులో కొంత రాలిపోతోంది. వర్డ్ నుంచి ఇన్‌డిజైన్‌కు తెచ్చేటప్పుడు రచయిత ఒత్తి చెప్పిన మాటలు మామూలు మాటలైపోవడం, ఆ సంగతి పుస్తకం చేతికొచ్చాక రచయితకు తెలియడం ఎంతమందికి జరగలేదు?

"డీటీపీ వాళ్ళకు ఇదేం తెలుస్తుంది" అన్న చివరి ప్రశ్నకు కూడా జవాబుంది. డీటీపీ వాళ్ళు ఏమీ నేర్చుకోనక్కర్లేదు. పాన్‌డాక్ మార్క్‌డౌన్‌ను సరైన స్టైల్స్ పెట్టిన వర్డ్ ఫైలుగానూ ఇస్తుంది, ఇన్‌డిజైన్‌లో నేరుగా పెట్టుకోగలిగిన ఐసీఎమ్ఎల్ గానూ ఇస్తుంది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే యూనికోడ్ తెలుగు సరిగ్గా కుదురుతుంది. కథ పేర్లన్నీ ఒకే స్టైల్‌తో వచ్చి కూర్చుంటాయి, ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారతాయి. ఒక్కో పేరునూ వెతికి సైజు మార్చే చాకిరీ డీటీపీ వాళ్ళకు తప్పుతుంది. ఈ పద్ధతి వల్ల మొదట లాభపడేది వాళ్ళే.

సంపాదకులకూ అంతే. "ఫైనల్", "ఫైనల్ 2", "దిద్దిన ఫైనల్" అని మెయిల్లో తిరిగే మూడు ఫైళ్ళలో ఏది చివరిదో తేల్చుకోవడానికి పట్టే సమయం వాళ్ళకు తెలుసు. సాదా పాఠం అయితే రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి ఏ వరసలో ఏ మాట మారిందో క్షణంలో చూపించే ఉచిత సాధనాలు ఎన్నో ఉన్నాయి.

కాబట్టి పత్రికలు అడగాలి. రచనలు యూనికోడ్‌లో పంపమని అడగడం మొదలుపెట్టినప్పుడు కూడా రచయితలు సణిగారు, తర్వాత అలవాటు పడ్డారు. శీర్షికకు #, ఒత్తి చెప్పే మాటకు నక్షత్రం, ఉటంకింపుకు > పెట్టమని అరపేజీ సూచన వేస్తే చాలు. విశ్వవిద్యాలయాలు సిద్ధాంత గ్రంథం పీడీఎఫ్‌తో పాటు సాదా పాఠం ప్రతిని కూడా తీసుకోవాలి. రచయితలు అచ్చుకు ఇచ్చేటప్పుడే ఒక షరతు పెట్టాలి: ఆఖరి ప్రూఫుల దిద్దుబాట్లన్నీ చేర్చిన పాఠం, గుర్తులతో సహా, సాదా ఫైలుగా తమ చేతికి రావాలి. పేజీలు కూర్చిన ఫైలు డీటీపీ వాళ్ళ కంప్యూటర్లో ఉంది అన్న జవాబును ఒప్పుకోకూడదు. ఆ కంప్యూటర్ మూలపడ్డ రోజున పుస్తకం దిద్దిన ప్రతి అచ్చు కాగితం మీద తప్ప ఎక్కడా ఉండదు. ఆ ఫైలు చేతికి వచ్చాకే లెక్క తీర్చాలి.